అమెరికాలో ప్రైవేట్ స్టూడెంట్ లోన్: ఏ రాష్ట్రంలో ఏ రక్షణ? తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన చలికాలం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలిసినవాళ్లింటికి భోజనానికి వెళ్లాం. తిన్నాక ఆ ఇంటాయన ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు. బావమరిది కొడుకు ఎంఎస్‌కి వచ్చినప్పుడు ప్రైవేట్ లోన్‌కి ఆయన కో-సైన్ చేశారు. మన ఊళ్లో షూరిటీ సంతకం అంటామే, అదే. అబ్బాయికి ఉద్యోగం పోయి నాలుగు కిస్తీలు ఆగాయి, ఉత్తరం ఈయనకొచ్చింది. "వాణ్ని పట్టుకోకుండా నన్నడగడమేంటండీ?" అని ఆయన బాధ. కాగితం తిప్పి చూస్తే వెనక చీమతలకాయంత అక్షరాలు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకు ఇది, కొలరాడోలో ఉండేవాళ్లకు ఇది, న్యూయార్క్ వాళ్లకు ఇది అంటూ రాష్ట్రానికో పేరా. కంపెనీ ఒకటే, అప్పూ ఒకటే రకం. కానీ మనం ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదాన్ని బట్టి వాళ్లు చెప్పి తీరాల్సిన మాటలు మారిపోతున్నాయి. ఆ వెనక పేజీ ఎవరూ చదవరు. ఈ ప్రశ్నలూ జవాబులూ ఆ పేజీ గురించే.

ప్రైవేట్ లోన్ అంటే ఏది? ఫెడరల్ లోన్‌తో తేడా ఏంటి?

అమెరికా విద్యాశాఖ ఇచ్చేది ఫెడరల్ లోన్. బ్యాంకు, క్రెడిట్ యూనియన్, ఆన్‌లైన్ ఫైనాన్స్ కంపెనీ ఇచ్చేది ప్రైవేట్ లోన్. ఎఫ్-1 వీసా మీద వచ్చిన పిల్లలకు ఫెడరల్ లోన్ రాదు కాబట్టి వాళ్లకున్నవి రెండే దారులు: ఇండియాలో తెచ్చుకున్న అప్పు, లేదా ఇక్కడి ప్రైవేట్ లోన్.

కష్టం వచ్చినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. ఫెడరల్ లోన్‌కి జీతాన్ని బట్టి కిస్తీ తగ్గించే పథకాలు చట్టంలోనే ఉన్నాయి. ప్రైవేట్ లోన్‌లో అలాంటివి ఒప్పందంలో రాసి ఉంటేనే ఉన్నట్టు. ఒకందుకు మాత్రం ప్రైవేట్ లోనే నయం. ఫెడరల్ అప్పు ఎగ్గొడితే ప్రభుత్వం కోర్టుకు వెళ్లకుండానే జీతంలో కోత పెట్టగలదు. ప్రైవేట్ కంపెనీ దావా వేసి గెలవాల్సిందే.

ఈ విషయం ఇప్పుడు ఇంత ముఖ్యం ఎందుకైంది?

రెండు కారణాలు. 2025 జూలైలో వచ్చిన కేంద్ర చట్టం 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ తర్వాతి చదువులకు ఇచ్చే ఒక రకం ఫెడరల్ లోన్లు) ఆపేసింది. మాస్టర్స్ చదివేవాళ్లకు ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం 1,00,000 డాలర్లు దాటకూడదు. మెడిసిన్, లా లాంటి వృత్తి కోర్సులకు ఏడాదికి 50,000, మొత్తం 2,00,000. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్‌కి పిల్లకో పిల్లాడికో ఏడాదికి 20,000, మొత్తం 65,000. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు కూడా ఫీజు ఇంతకు మించితే మిగతాది ప్రైవేట్ లోనే.

రెండోది, ఈ కంపెనీల మీద కేంద్రం తరఫున కన్నేసి ఉంచే సంస్థ సీఎఫ్‌పీబీ. 2025 ఏప్రిల్‌లో అది తన ప్రాధాన్యాల నుంచి స్టూడెంట్ లోన్లను పక్కకు నెట్టింది, రాష్ట్రాలు చేయగలిగిన పని రాష్ట్రాలే చూసుకోవాలంది. అప్పు చేసేవాళ్లు పెరిగే వేళకే కేంద్రంలో కాపలా తగ్గింది. మనం తట్టగలిగిన తలుపుల్లో రాష్ట్రానిదే ఇప్పుడు ముఖ్యమైనది.

కేంద్ర చట్టాలు ఉండగా రాష్ట్రాలకు ఈ కంపెనీల మీద ఏం అధికారం ఉంటుంది?

చాలానే ఉంది, హద్దులూ ఉన్నాయి. ఈ రంగంలో మొదట గట్టిగా కదిలింది కూడా ఒక రాష్ట్రమే. 2007లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌గా (రాష్ట్ర ప్రభుత్వపు ప్రధాన న్యాయాధికారిగా) ఉన్న ఆండ్రూ క్యూమో, కాలేజీల ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులకూ లోన్ కంపెనీలకూ మధ్య నడిచే లావాదేవీలను బయటపెట్టారు. కాలేజీ "మేం సిఫారసు చేసే కంపెనీలు" అని చేతికిచ్చే జాబితా వెనక కాలేజీకి ముట్టే ప్రయోజనాలున్నాయని తేలింది. పిల్లల మేలు కోసం ఇచ్చిన జాబితా అనుకుని సంతకాలు పెట్టిన తల్లిదండ్రులెందరో. ఆ ఏడాదే న్యూయార్క్ దీని మీద చట్టం చేసింది, మరుసటి ఏడాది కేంద్రం కూడా ఆ పద్ధతుల్ని నిషేధించింది.

2015లో కనెక్టికట్ ఇంకో అడుగు వేసింది. కిస్తీలు వసూలు చేసి లెక్క చూసే కంపెనీని సర్వీసర్ అంటారు. లైసెన్సు లేకుండా సర్వీసర్‌గా పనిచేయకూడదన్న మొదటి రాష్ట్రం అది. తర్వాత కాలిఫోర్నియా, ఇల్లినాయి, వాషింగ్టన్, న్యూయార్క్, న్యూజెర్సీ, వర్జీనియా, మసాచుసెట్స్ లాంటివి అదే దారి పట్టాయి. దీని మీద సర్వీసర్ల సంఘం కోర్టుకెక్కింది. 2018లో వాషింగ్టన్ డీసీ కేసులో కోర్టు, ప్రభుత్వం చేతిలో ఉన్న ఫెడరల్ లోన్ల మీద స్థానిక లైసెన్సు చట్టం చెల్లదంది కానీ, ప్రైవేట్ లోన్ల మీద చెల్లుతుందని చెప్పింది. ఈ తీర్పు మనకు ముఖ్యం.

ఇక హద్దుల మాట. అప్పిచ్చింది బ్యాంకైతే వడ్డీ రేటు విషయంలో మీ రాష్ట్రం చేయగలిగింది తక్కువ. 1978లో సుప్రీంకోర్టు మార్కెట్ (Marquette) నేషనల్ బ్యాంక్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం నేషనల్ బ్యాంకు (కేంద్రం అనుమతితో నడిచే బ్యాంకు) తానున్న రాష్ట్రపు వడ్డీ నియమాన్ని దేశమంతా పట్టుకెళ్లొచ్చు. అందుకే కొన్ని ఆన్‌లైన్ కంపెనీలు వెనకాల ఎక్కడో ఒక చిన్న బ్యాంకును పెట్టుకుని దాని పేరు మీద లోన్ ఇస్తాయి. ఒప్పందంలో "లెండర్" అన్న చోట ఎవరి పేరుందో చూడండి. యాప్ మీద కనిపించే పేరు, కాగితం మీద ఉన్న పేరు ఒకటి కాకపోవచ్చు.

డల్లాస్‌లో చదివాను, ఉద్యోగం వర్జీనియాలో. నాకు ఏ రాష్ట్రం చట్టం వర్తిస్తుంది?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. లైసెన్సు, సర్వీసింగ్, వసూలు నియమాలు చాలావరకు మీరు ఇప్పుడు నివసిస్తున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. టెక్సాస్‌లో స్టూడెంట్ లోన్ సర్వీసర్లకంటూ ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు, వర్జీనియాలో ఉంది. ఇల్లు మారితే హక్కులూ మారతాయి. అందుకని మారిన వెంటనే సర్వీసర్ దగ్గర అడ్రస్ మార్చండి, మార్చినట్టు స్క్రీన్‌షాట్ దాచుకోండి. చాలామంది పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ అలాగే వదిలేస్తారు. దాంతో నోటీసులు పాత ఇంటికి పోతాయి, మనకు తెలియకుండానే గడువులు దాటిపోతాయి.

ఒప్పందంలో "ఈ అప్పుకు ఫలానా రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది" అని కూడా రాసి ఉంటుంది. వడ్డీ, ఒప్పందపు అర్థం వంటి వాటికి అది పనికొస్తుంది. ఆ ఒక్క వాక్యంతో మీ రాష్ట్రపు లైసెన్సు చట్టాలు, మోసాల నిరోధక చట్టాలు మాయమైపోవు. ఫోన్‌లో సర్వీసర్ ఉద్యోగి "మాకు మీ రాష్ట్రంతో సంబంధం లేదు" అంటే ఆ మాటే రాతలో ఇమ్మనండి.

సంతకం పెట్టేముందు నాకు ఏం హక్కులున్నాయి?

ఇవి దేశమంతటా వర్తించే కేంద్ర నియమాలు. లోన్ ఆమోదించాక ఆ షరతులు 30 రోజులపాటు మీకోసం అలాగే ఉంచాలి. ఈలోగా నాలుగు చోట్ల బేరీజు వేసుకోవచ్చు. మీరు ఒప్పుకున్నాక చివరి వివరాల పత్రం వస్తుంది, అది అందిన తర్వాత 3 పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. ఆ 3 రోజులు గడిచేదాకా డబ్బు విడుదల చేయకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. "ఈ రాత్రికే క్లిక్ చేయకపోతే రేటు పోతుంది" అని ఎవరైనా తొందరపెడితే, చట్టం మీకిచ్చిన 30 రోజుల్ని వాళ్లు దాస్తున్నారన్నమాట.

ఇల్లినాయి దీనికి ఇంకో గట్టి నియమం కలిపింది. 2021 నుంచి అక్కడ ప్రైవేట్ లోన్ ఇచ్చే కంపెనీ, చదువుకయ్యే ఖర్చెంతో ముందు కాలేజీ నుంచి ధ్రువీకరణ తీసుకోవాలి. ఇంకా ఫెడరల్ సాయం మిగిలి ఉందేమో పిల్లాడికి తెలియజెప్పాకే ముందుకెళ్లడం దీని ఉద్దేశం. ఇది అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాల్సిన నియమమని నా గట్టి నమ్మకం.

12 శాతం వడ్డీ అన్నారు. మన లెక్కలో ఎంత పడుతుంది?

మన ఊరి లెక్కలో నూటికి రూపాయి వడ్డీ. వినడానికి మామూలుగానే ఉంటుంది. కాగితం మీద పెట్టి చూద్దాం. 40,000 డాలర్లు తీసుకున్నారు. చదువు రెండేళ్లు, తర్వాత ఆరు నెలల విరామం. ఈ 30 నెలలు ఏమీ కట్టక్కర్లేదని చెబుతారు. కట్టక్కర్లేదంతే, వడ్డీ మాత్రం ఆగదు. నెలకు 400 చొప్పున 12,000 డాలర్లు పోగై, 30వ నెలలో అసలులో కలుస్తుంది. ఇక 52,000 మీద మొదలు. పదేళ్ల వాయిదాలో కిస్తీ నెలకు సుమారు 746 డాలర్లు, మొత్తం కట్టేది 89,500 పైచిలుకు. అదే చదువుకునేటప్పుడు నెలనెలా ఆ 400 వడ్డీ కట్టేసి ఉంటే, దాంతో కలిపి మొత్తం 80,900 దాటదు. అంటే 8,600 డాలర్లకు పైగా తేడా.

ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకునే కంపెనీలైతే చేతికి 40,000 కూడా రావు, వడ్డీ మాత్రం 40,000 మీదే. చివరి వివరాల పత్రంలో రెండు గడులు చూడండి: ఫీజుతో కలిపి పడే ఏడాది రేటు, మొత్తం చెల్లించాల్సిన సొమ్ము. "వేరియబుల్" (మారే రేటు) అని ఉంటే ఆ పత్రంలో రేటు గరిష్ఠంగా ఎంతదాకా వెళ్లగలదో కూడా ఉంటుంది.

మామయ్య కో-సైన్ చేస్తానన్నారు. ఆయన మీద ఎంత బాధ్యత పడుతుంది?

మొత్తం పడుతుంది. ఎడిసన్ ఆయన ప్రశ్నకు జవాబు ఇదే, వినడానికి కష్టమైనా. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం కో-సైనర్‌కి ఒక నోటీసు ఇవ్వాలి. అప్పు తీసుకున్నవాణ్ని ముందు అడగకుండానే నేరుగా మీ దగ్గర వసూలు చేయొచ్చని అందులో స్పష్టంగా ఉంటుంది. ఆయన సంతకం పెట్టిన కాగితాల కట్టలో ఆ పేజీ ఉంది. ఆ రోజు పిల్లాడి ఫీజు గడువు తరుముకొస్తుంటే ఎవరు చదివారు?

మన కుటుంబాల్లో ఈ సంతకం అడగడం తేలిక, కాదనడం కష్టం. అందుకే సంతకం పెట్టేవాళ్లూ పెట్టించుకునేవాళ్లూ ఇద్దరూ కూర్చుని మూడు విషయాలు మాట్లాడుకోవాలి. కిస్తీ ఆగితే ఎవరు ఎవరికి ఎప్పుడు చెబుతారు? ఆన్‌లైన్ ఖాతా చూసే వీలు ఇద్దరికీ ఉందా? కో-సైనర్‌ని తప్పించే షరతు ఏంటి? ఆ అప్పు ఆయన క్రెడిట్ రిపోర్టులో కూడా కనిపిస్తుంది. రేపు ఆయన ఇల్లు కొనబోతే బ్యాంకు దాన్ని ఆయన అప్పుగానే లెక్కేస్తుంది.

కో-సైనర్‌ని విడుదల చేసే సదుపాయం ఉందని కంపెనీలు ప్రకటనల్లో గట్టిగా చెబుతాయి. 2015లో సీఎఫ్‌పీబీ పరిశీలిస్తే, అలా విడుదల కోరినవాళ్లలో 90 శాతం మందిని తిరస్కరించారని తేలింది. ఎందుకు తిరస్కరించారో కూడా చాలామందికి చెప్పలేదు. దీన్ని చూసే కొలరాడో 2021లో చట్టం తెచ్చింది. వరసగా 12 కిస్తీలు సమయానికి కడితే కో-సైనర్ విడుదలకు అర్హత రావాలి, కంపెనీ అంతకంటే ఎక్కువ కిస్తీలు అడగకూడదు. అప్పు తీసుకున్నవాళ్లు శాశ్వతంగా వికలాంగులైతే అప్పు రద్దు చేయాలి. ప్రైవేట్ లోన్ కంపెనీలు రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. మెయిన్ (Maine) రాష్ట్రం కూడా ఇదే బాటలో నడిచింది.

ఇల్లినాయిలో కో-సైనర్‌కి ఇంకో ఊరట ఉంది. అసలు అప్పుదారు కిస్తీ ఎగ్గొట్టాడని ముందు కో-సైనర్‌కి ఉత్తరం రాసి, కట్టడానికి 15 రోజులిచ్చాకే ఆయన క్రెడిట్ మీద మచ్చ వేయాలి.

కో-సైనర్ చనిపోతే? ఒకప్పుడు కిస్తీలు సక్రమంగా కడుతున్నా, కో-సైనర్ పోయారని చెప్పి మొత్తం అప్పు ఒక్కసారే కట్టమనేవాళ్లు. నాయనమ్మ పోయిన దుఃఖంలో ఉన్న పిల్లకు ఆ ఉత్తరం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2018 చట్టం దాన్ని ఆపింది. ఆ ఏడాది నవంబర్ 20 నుంచి తీసుకున్న లోన్లలో కో-సైనర్ మరణం, దివాలా కారణంగా అప్పును డిఫాల్ట్ అనకూడదు. విద్యార్థి చనిపోతే కో-సైనర్‌ని వదిలేయాలి. అంతకుముందు తీసుకున్న లోన్ అయితే ఒప్పందం తీసి చదవాల్సిందే.

నెలకు వంద డాలర్లు అదనంగా కడుతున్నా అసలు తగ్గడం లేదు. ఫోన్ చేస్తే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

అదనపు సొమ్మును వచ్చే నెల కిస్తీ కింద ముందుగా జమ వేసుకుని ఉంటారు, లేదా మీకున్న నాలుగైదు లోన్ల మీద తలా కాస్త పంచి ఉంటారు. ఎక్కువ వడ్డీ ఉన్న లోన్ అసలుకే జమ చేయాలని రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్ వద్దు. ఖాతాలోని మెసేజ్ సెంటర్‌లో పంపినా, ఉత్తరం రాసినా తేదీతో సాక్ష్యం ఉంటుంది.

కాలిఫోర్నియాలో ఉంటే మీ మాటకు ఇంకా బలం. 2020లో చేసిన స్టూడెంట్ బారోయర్ హక్కుల చట్టం ప్రకారం, మీరు రాతలో అడిగితే అందినట్టు 10 పనిదినాల్లో చెప్పాలి, 30 పనిదినాల్లో జవాబివ్వాలి. సర్వీసర్ మారినప్పుడు పాత లెక్కలన్నీ కొత్తవాళ్లకు సరిగ్గా చేరాలి. ఇంత వివరమైన చట్టం లేని రాష్ట్రంలో ఉన్నా ఉత్తరం అలాగే రాయండి. ముందు రాతలో అడిగి, జవాబు సరిగా రాలేదని చూపిస్తే ఫిర్యాదు నిలబడుతుంది.

కిస్తీలు ఆగిపోయాయి. జీతంలో కోత పెడతారా?

చాలా ప్రైవేట్ లోన్లు 120 రోజులు కట్టకపోతే చార్జ్-ఆఫ్ అవుతాయి. అప్పు పోయినట్టు కాదది. రాని బాకీగా లెక్క రాసుకున్నారని, కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లొచ్చని, కోర్టు దాకా రావచ్చని అర్థం. దావా వేసి తీర్పు తెచ్చుకునేదాకా జీతం ముట్టుకోలేరు. తీర్పు వచ్చాక కూడా కేంద్ర చట్టం ప్రకారం చేతికొచ్చే జీతంలో 25 శాతానికి మించి పట్టుకోకూడదు. న్యూయార్క్‌లో ఇంకా తక్కువ, మొత్తం జీతంలో 10 శాతం దాటకూడదు.

ఫ్రిస్కో, ఇర్వింగ్, ఆస్టిన్‌లో ఉండే మనవాళ్లు తెలుసుకోవాల్సింది: టెక్సాస్ రాజ్యాంగం మామూలు అప్పులకు జీతం కోత ఒప్పుకోదు, ప్రైవేట్ స్టూడెంట్ లోన్ కూడా అందులోకే వస్తుంది. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, పెన్సిల్వేనియా కూడా చాలావరకు అంతే. అలాగని టెక్సాస్‌లో గుండెల మీద చేయేసుకుని నిద్రపోవడానికి లేదు. జీతం బ్యాంకు ఖాతాలో పడ్డాక, తీర్పు ఉన్నవాళ్లు ఆ ఖాతాను స్తంభింపజేయగలరు.

కలెక్షన్ ఏజెన్సీ నుంచి మొదటి నోటీసు వచ్చిన 30 రోజుల్లోపు "ఈ అప్పు రుజువు చేయండి" అని రాతలో అడిగితే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. మీకు వచ్చిన ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి కాదు, అందిన రోజు నుంచి లెక్క. అయినా ఆఖరి రోజుదాకా ఆగకండి.

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఏం చేయాలి?

జవాబు దాఖలు చేయండి. మిగతావన్నీ దీని తర్వాతే. గడువు రాష్ట్రాన్ని బట్టి, కోర్టును బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో 14 రోజులే. మీరు జవాబివ్వకపోతే అవతలివాళ్లు ఏమీ రుజువు చేయకుండానే గెలుస్తారు.

జవాబిస్తే ఏమవుతుందో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. ప్రైవేట్ స్టూడెంట్ లోన్లను కొని పెట్టుకున్న నేషనల్ కాలేజియేట్ స్టూడెంట్ లోన్ ట్రస్ట్‌ల పేరు మీద దేశమంతటా వేల దావాలు పడ్డాయి. అప్పు తమదేనని చూపే కాగితాలు లేకుండానే దావాలు వేశారని 2017లో సీఎఫ్‌పీబీ ఆరోపించింది. అప్పు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడై చేతులు మారుతూ వచ్చింది, గొలుసులో లింకులు తెగిపోయాయి. ఎవరైనా కోర్టులో లేచి "ఈ అప్పు మీ చేతికి ఎలా వచ్చిందో చూపించండి" అన్నప్పుడే ఆ లోటు బయటపడేది. కాలిఫోర్నియా దీన్ని చట్టంగానే రాసింది. 2022 జూలై 1 నుంచి అక్కడ అసలు ఒప్పందం, చేతులు మారిన ప్రతి దశకూ కాగితం, బకాయి లెక్క లేకుండా ప్రైవేట్ స్టూడెంట్ లోన్ వసూలుకు దిగకూడదు.

రెండో విషయం కాలపరిమితి. ఫెడరల్ లోన్‌కి అది లేదు, ప్రైవేట్ లోన్‌కి ఉంది. న్యూయార్క్‌లో 2022 ఏప్రిల్ నుంచి 3 ఏళ్లు, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో 4, వర్జీనియాలో 5, న్యూజెర్సీలో 6. కాలం చెల్లిన అప్పని మీరు చెబితేనే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. చాలా రాష్ట్రాల్లో పాత అప్పు మీద చిన్న మొత్తం కట్టినా గడియారం మళ్లీ మొదటికొస్తుంది. "మంచి మనసుతో ఓ 25 డాలర్లు కట్టండి" అని ఫోన్‌లో అడిగితే, ఆ అప్పు వయసెంతో తేల్చుకోకుండా కట్టొద్దు.

లాయర్‌కి ఇచ్చే స్తోమత లేకపోతే మీ కౌంటీ లీగల్ ఎయిడ్ సంస్థకు, లేదా మీ యూనివర్సిటీ లా స్కూల్ క్లినిక్‌కి ఫోన్ చేయండి.

దివాలా పెడితే పోతుందా?

అంత తేలిగ్గా పోదు. 2005లో దివాలా చట్టం మార్చినప్పుడు ప్రైవేట్ స్టూడెంట్ లోన్లను కూడా మాఫీ కష్టమయ్యే అప్పుల్లో చేర్చారు. కట్టడం తీవ్రమైన కష్టమవుతుందని విడిగా కేసు వేసి నిరూపించాలి. కానీ ప్రతి ప్రైవేట్ లోనూ ఆ కోవలోకి రాదు. గుర్తింపులేని స్కూలుకు ఇచ్చినది, చదువు ఖర్చును మించి ఇచ్చినది, బార్ పరీక్ష (లాయర్ లైసెన్సు పరీక్ష) కోచింగ్‌కి ఇచ్చినది మామూలు అప్పులాగే పోవచ్చు. 2021లో సెకండ్ సర్క్యూట్ కోర్టు (ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు) అలాంటి తీర్పే ఇచ్చింది. దివాలా లాయర్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా గురించి తప్పకుండా అడగండి.

కాలేజీయే మోసం చేసింది, లేదా మూతపడింది. అప్పు ఎవరు తీర్చాలి?

సాధారణంగా మీరే. కానీ రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కలిసికట్టుగా నిలబడితే ఏమవుతుందో రెండు కేసులు చూపించాయి. ఐటీటీ టెక్ అనే కాలేజీల సంస్థ 2016లో మూతపడింది. దాని విద్యార్థులకు అంటగట్టిన పీక్స్ అనే ప్రైవేట్ లోన్లలో సుమారు 33 కోట్ల డాలర్లు 2020లో రద్దయ్యాయి. 2022 జనవరిలో నావియెంట్ అనే స్టూడెంట్ లోన్ కంపెనీ 39 మంది అటార్నీ జనరళ్లతో 185 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. అందులో 170 కోట్లు ప్రైవేట్ లోన్ల రద్దు, దాదాపు 66,000 మందికి. తిరిగి కట్టలేరని తెలిసీ ఇచ్చిన లోన్లన్నది ఆ రాష్ట్రాల ఆరోపణ. ఇలాంటి కేసులకు ముడిసరుకు మామూలు మనుషులు పంపిన ఫిర్యాదులే. మీ ఒక్క ఫిర్యాదుతో మీ ఒక్క సమస్య తీరకపోయినా, అలాంటివి వంద వస్తే అటార్నీ జనరల్ దర్యాప్తు మొదలవుతుంది.

ఇండియాలో, హైదరాబాద్ బ్రాంచిలో తీసుకున్న లోన్‌కి ఇవి వర్తిస్తాయా?

వర్తించవు. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టి నాన్న తీసుకున్న ఆ లోన్‌కి రిజర్వ్ బ్యాంకు నియమాలే దిక్కు. ఫ్లోటింగ్ రేటు లోన్‌ను ముందే తీర్చేస్తే జరిమానా ఉండకూడదు. 2024 అక్టోబర్ నుంచి కొత్త లోన్లకు అసలు ఖర్చంతా ఒక్కచోట చూపే కీ ఫ్యాక్ట్స్ పత్రం ఇవ్వాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా రాయొచ్చు. అమెరికాలోని ఏ రాష్ట్రపు ఆఫీసుకూ ఈ లోన్ సంగతి రాయడం వల్ల ఫలితం ఉండదు.

నేను వీసా మీద ఉన్నాను. ఫిర్యాదు చేస్తే ఇబ్బందా? తిరిగి ఇండియా వెళ్లిపోతే?

రాష్ట్రాల వినియోగదారు రక్షణ చట్టాలు వీసా చూసి వర్తించవు. ఆ రాష్ట్రంలో ఉంటూ అప్పు కట్టేవాళ్లందరివీ అవి. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. "పోలీసులకు చెబుతాం, వీసా రద్దు చేయిస్తాం" అని ఏ కలెక్షన్ ఏజెంట్ బెదిరించినా అదే పెద్ద ఉల్లంఘన. తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టుకుని ఫిర్యాదులో చేర్చండి.

ఇండియా వెళ్లిపోతే అప్పు వదిలిపోదు. ఇక్కడ క్రెడిట్ దెబ్బతింటుంది, దావా పడుతుంది, కో-సైనర్ ఉంటే అంతా ఆయన నెత్తిన పడుతుంది. అమెరికా కోర్టు తీర్పు ఇండియాలో నేరుగా అమలవ్వదు, అక్కడ మళ్లీ దావా వేయాలి. కానీ మామయ్య ఉండేది ఎడిసన్‌లోనో డల్లాస్‌లోనో కదా. వెళ్లక తప్పకపోతే వెళ్లేముందే సర్వీసర్‌తో రాతలో మాట్లాడుకోండి, ఆయనకు చెప్పి వెళ్లండి.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

న్యూజెర్సీలో బ్యాంకింగ్ అండ్ ఇన్సూరెన్స్ శాఖలో స్టూడెంట్ లోన్ ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. న్యూయార్క్‌లో ఫైనాన్షియల్ సర్వీసెస్ శాఖ. కాలిఫోర్నియాలో డీఎఫ్‌పీఐ అనే శాఖలో ఇందుకోసమే ఒక ఓంబుడ్స్‌పర్సన్ ఉన్నారు. ఇల్లినాయి, మసాచుసెట్స్, కొలరాడోల్లో అటార్నీ జనరల్ ఆఫీసులోనే ఈ పని చూసేవాళ్లున్నారు. వర్జీనియాలో ఉన్నత విద్యామండలిలో, వాషింగ్టన్ రాష్ట్రంలో స్టూడెంట్ అచీవ్‌మెంట్ కౌన్సిల్‌లో. టెక్సాస్‌లో ఇలాంటి ప్రత్యేక పదవి లేదు. అక్కడ అటార్నీ జనరల్ వినియోగదారు విభాగానికి, బ్యాంకు కాని కంపెనీ అయితే కన్స్యూమర్ క్రెడిట్ కమిషనర్ ఆఫీసుకు రాయాలి. జార్జియాలో అటార్నీ జనరల్ కింద ఉన్న వినియోగదారు రక్షణ విభాగానికి. వీటితోపాటు సీఎఫ్‌పీబీకి కూడా పంపండి.

కంపెనీకి మీ రాష్ట్రంలో లైసెన్సు ఉందో లేదో ఎన్‌ఎంఎల్‌ఎస్ కన్స్యూమర్ యాక్సెస్ అనే ఉచిత సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. బ్యాంకులకు ఈ లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అక్కడ పేరు లేకపోతే వెంటనే దొంగ కంపెనీ అనుకోవద్దు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (కోర్టుకు కాకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు) ఉన్నా రాష్ట్రానికి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ షరతు మిమ్మల్ని కట్టేస్తుంది కానీ అటార్నీ జనరల్‌ను కట్టేయలేదు.

ఫిర్యాదులో ఏం రాయాలి?

ఒక పేజీ చాలు. లోన్ నంబరు, ఎప్పుడు తీసుకున్నారు, ఏం జరిగింది, ఏ తేదీన ఎవరికి రాశారు, వాళ్లేమన్నారు, ఇప్పుడు మీకేం కావాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. "న్యాయం చేయండి" అని కాకుండా "మార్చి నెల ఆలస్యపు రుసుము తీసేయాలి, క్రెడిట్ రిపోర్టు సరిచేయాలి" అని రాయాలి. ఒప్పందం, స్టేట్‌మెంట్లు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేయండి.

ఎడిసన్ ఆయన ఆ రాత్రే నాతో కూర్చుని రెండు ఉత్తరాలు రాశారు. ఒకటి సర్వీసర్‌కి: మొత్తం చెల్లింపుల చరిత్ర, ఒప్పందం కాపీ, కిస్తీ తగ్గించే పద్ధతులేమున్నాయో చెప్పమని. దానికి సరైన జవాబు రాకపోవడంతో, మూడు వారాల తర్వాత రెండోది రాష్ట్రపు ఓంబుడ్స్‌మన్‌కి వెళ్లింది. ఆ తర్వాత సర్వీసర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆరు నెలలపాటు వడ్డీ మాత్రమే కట్టే ఏర్పాటు కుదిరింది. అబ్బాయి ఇప్పుడు కొత్త ఉద్యోగంలో ఉన్నాడు, ఖాతా ఇద్దరి ఫోన్లలోనూ తెరుచుకుంటుంది.

మేం సెటిల్ చేసిపెడతాం, ముందు ఫీజు కట్టండి అంటున్నారు. నమ్మొచ్చా?

వద్దు. ఫోన్ ద్వారా అప్పుల సెటిల్‌మెంట్ అమ్మేవాళ్లు పని పూర్తికాకముందే ఫీజు తీసుకోవడం కేంద్ర నియమాలకే విరుద్ధం. పైన చెప్పిన ఆఫీసులన్నీ ఉచితం.

లోన్ మొత్తం కట్టేశాం. కాగితాలు పారేయొచ్చా?

పారేయొద్దు. "పూర్తిగా చెల్లించబడింది" అనే ఉత్తరం అడిగి తీసుకోండి. రెండు నెలలాగి మూడు క్రెడిట్ సంస్థల రిపోర్టుల్లోనూ బాకీ సున్నా అయిందో లేదో మీది, కో-సైనర్‌ది రెండూ చూడండి. సర్వీసర్ మారిపోయాక, లేదా లోన్ అమ్ముడయ్యాక పాత బాకీ పేరుతో మళ్లీ ఉత్తరాలు రావడం ఉంది. ఒప్పందం, ఆ చివరి ఉత్తరం, ఆఖరి ఏడాది స్టేట్‌మెంట్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి, దాని కాపీ సంతకం పెట్టిన మామయ్యకు కూడా పంపండి.